అక్క కోసం కుట్టిన బూరుగు పరుపు

మా మనవరాలు బడి లైబ్రరీ నుంచి ఒక పిల్లల నవల తెచ్చుకుంది. అందులో ఒక చిన్నపిల్ల, ఆ పిల్లకు ఒక అన్న, ఆ అన్నకు డిప్రెషన్. ఆ మాట మొదటి పేజీలోనే ఉంది. కొంచెం చదివి నా దగ్గరికి వచ్చి, "నానీ, వాళ్లన్న ఎందుకు లేస్తలేడు? ఫీవర్ కూడా లేదు కదా?" అని అడిగింది. చదువు, అదే తెలుస్తుంది అన్నాను. అది బడికి పోయాక పొయ్యి మీద పప్పు పెట్టి ఆ పుస్తకం నేనే తీశాను. పప్పు మాడిపోయింది. పుస్తకం మాత్రం అయిపోయింది.

బాగానే రాశారు, కాదనను. కానీ చదువుతున్నంతసేపూ ఆ రాసిన మనిషితో నాకు లోపల్లోపల పోట్లాటే. ఆ పుస్తకంలో ఎవరూ ఏమీ తినరు. మంచం దిగని మనిషి ఉన్న ఇంట్లో మొదటి రభస కంచం దగ్గరే జరుగుతుందని ఆ రాసినవాళ్లకు తెలియదా? ఇంకొకటి, వాళ్లకు ఆ జబ్బు పేరు మొదటి పేజీలోనే దొరికింది. మాకు ఆ పేరు దొరికేసరికి చలికాలం సగం గడిచిపోయింది. ఈలోపల మేం ఎన్ని పేర్లు పెట్టామో, ఎన్ని తప్పులు చేశామో! అందులో ఒక తప్పయితే మావంటి ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగదు. నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. అది ఎవరికైనా చెప్పకపోతే నాకు తోచదు.

మేం దూదేకులవాళ్లం. నమాజు చదివే ఇల్లే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఉర్దూ మా దాదీకి, అంటే మా నాయనమ్మకు, కోపం వచ్చినప్పుడు మాత్రమే బయటికి వచ్చేది, అది కూడా సగం దూరం వచ్చి తెలుగులోకి తిరిగిపోయేది. వరంగల్‌లో స్టేషన్ అవతలి వాడలో మా ఇల్లు. నాలుగు సందులు దాటితే మార్కెట్ రోడ్డు, దాని మీద మా అబ్బా దుకాణం. దుకాణమంటే ఏమో అనుకోవద్దు. రేకుల కప్పు, నేల మీద గోనెపట్టా, పైకప్పు నుంచి వేలాడే దూది ఏకే విల్లు. చెక్కగూటంతో అబ్బా ఆ తీగను కొడుతుంటే టుంయ్ టుంయ్‌మని సందు మలుపు దాకా వినిపించేది. రజాయిలూ పరుపులూ కుట్టే పని ఇంట్లో, ఆడవాళ్లది.

చలికాలం ముందు నెలలే మాకు పంటకాలం. తొర్రూరు వైపు నుంచి కొత్త పత్తి బండ్ల మీద, లారీల మీద మార్కెట్‌కు వచ్చేది. కొత్త పత్తికి ఒక వాసన ఉంటుంది. నూనెగింజ వాసన, ఎండ వాసన, కొంచెం మట్టివాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నా ముక్కు ముందు మా ఇంటికే పోతుంది. ఇల్లంతా దూదే. గడప మీద దూది, దీపం గూట్లో దూది, దాదీ కనుబొమల మీద దూది. చాయ్‌లో కూడా తేలేది. చుట్టాలొస్తే వేలితో తీసి పారేసేవాళ్లు, మేం పక్కకు ఊది తాగేవాళ్లం.

దుకాణానికి పోవద్దని నాకు గట్టి హుకుం. అందుకే పోయేదాన్ని. ఏకిన దూది కుప్ప కనబడితే ఆగలేను, అందులోకి దూకి ఊపిరి బిగబట్టి దాక్కునేదాన్ని. అబ్బా చూడనట్టే వచ్చి కుప్పను గూటంతో మెల్లగా తట్టి, "ఈ దూదిల పెద్ద గింజ మిగిలినట్టున్నది, ఏరి పారెయ్యాలె" అనేవాడు. నేను లోపల కిసుక్కున నవ్వేదాన్ని. ఇంటికి పోయేసరికి జడలోంచి దూది రాలుతుండేది, వీపు మీద అమ్మ చెయ్యి పడేది.

అన్నిటికన్నా నాకు పెద్ద జబ్బు నా నోరు. నా నోట్లో నువ్వుగింజ నానదు. అమ్మ చక్కెర డబ్బా ఎక్కడ దాచిందో దాదీకి చెప్పేదాన్ని. దాదీ అమ్మ చేతి ఖట్టా పులుసు గురించి పక్కింట్లో ఏమన్నదో అమ్మకు చెప్పేదాన్ని. ఎవరైనా "ఎవ్వలకు చెప్పకు" అన్నారంటే అరికాళ్లలో దురద పుట్టేది. మా అక్క నన్ను రేడియో అని పిలిచేది. "జర చిన్నగ మాట్లాడుండ్రి, రేడియో వస్తాంది" అనేది నన్ను చూడగానే.

మా అక్కకు అప్పుడు పద్దెనిమిదో పందొమ్మిదో, నాకు తొమ్మిదో పదో. ఇద్దరి మధ్య చాలా ఎడం, సగం అమ్మలాంటిది. రజాయి కుట్టడంలో మా వాడలో దానికి సాటి లేదు. నేల మీద గుడ్డ పరిచి, దూది సమంగా సర్ది, పైన ఇంకో గుడ్డ కప్పి, అంచు నుంచి నడిమికి కుట్టుకుంటూ పోయేది. గీత గీసుకునే పని లేదు, దాని కుట్టు తిన్నగా పోయేది. కుడుతూ కుడుతూ కథలు చెప్పేది. ఏ కథలంటే, ఆ రజాయి ఎవరిదైతే వాళ్ల కథే. "ఈ ఇంట్ల మొగడు పెండ్లాలు రజాయి గుంజుకుంట కొట్లాడుకుంటరు, ఈ మూల గట్టిగ కుట్టాలె" అని. "ఈ ముసలాయన కాళ్లు రజాయి అవతలికి పోతయి, ఎంత పొడుగు కుట్టినా పోతయి" అని. వాళ్ల దగ్గుల్నీ గురకల్నీ అచ్చం దింపేది. అమ్మ నవ్వు ఆపుకోలేక సూది పక్కన పెట్టేది. దాదీ "ఆడపిల్లలు గింత నవ్వుతరా" అని కసురుకుంటూనే పళ్లులేని నోటితో అందరికన్నా ఎక్కువ నవ్వేది.

ఆ యేడు ముందుగా ఆ కథలు ఆగాయి. పని ఎక్కువైంది కదా, అలిసిపోయిందనుకున్నాం. తర్వాత కుడుతూ కుడుతూ మధ్యలో సూది అట్లే పట్టుకుని గుడ్డ వంక చూస్తూ కూర్చునేది. పిలిస్తే ఉలిక్కిపడేది. తర్వాత ఒకరోజు పొద్దున్నే లేవలేదు. ఒంట్లో బాగోలేదేమో పడుకోనీ అన్నది అమ్మ. మర్నాడూ లేవలేదు. ఆ తర్వాత లేపితే లేచేది, మొహం కడిగితే కడిగించుకునేది, మళ్లీ వెళ్లి గోడ వైపు తిరిగి పడుకునేది. ఏడవదు, మాట్లాడదు.

ఏం జరిగింది, ఏం జరిగింది అని అందరూ అడిగారు. ఎవరైనా ఏమన్నా అన్నారా? ఎక్కడైనా భయపడిందా? ఏమీ జరగలేదు. మాకు అర్థం కానిది అదే. ఏదో ఒకటి జరిగి ఉంటే దాన్ని తిట్టుకుని ఊరుకునేవాళ్లం.

ఇక పెద్దవాళ్లు తలా ఒక పేరు పెట్టారు. దాదీ నజర్ అన్నది, దిష్టి. ఎండుమిరపకాయలూ ఉప్పూ అక్క చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు, ఎవరూ దగ్గలేదు. "సూశిండ్రా, ఎంత పెద్ద నజరో, కారం గూడ గుంజుకున్నది" అన్నది. మర్నాడు మళ్లీ వేస్తే ఇల్లంతా దగ్గి దగ్గి చచ్చాం. అప్పుడు నజర్ పోతున్నదన్నది. పక్కింటి పెద్దమ్మ మార్కెట్‌లో మిరపకాయలు ఏరే పనికి పోయేది, ఊరు తొర్రూరు పక్కన. ఆమె ఐనవోలు మల్లన్న బండారి తెచ్చి అక్క నుదుటికి పెట్టింది. పసుపు కళ్లలో పడకుండా అక్క తలను పట్టుకున్నది మా దాదీయే. దర్గా నుంచి తావీజు తేవడానికి దాదీకి తోడు పోయింది ఆ పెద్దమ్మే. ఆ ముసలమ్మలిద్దరూ ఆ నెలలో కలిసి తిరగని గుడి లేదు, దర్గా లేదు. పాలకుర్తి గుట్ట ఎక్కి విభూతి కూడా తెచ్చారు. దాదీ గుట్ట కింద కూర్చుని చెప్పులకు కాపలా కాసిందట.

అమ్మది వేరే లెక్క. రక్తం తక్కువైందని ఆమె నమ్మకం. కార్జం వేయించేది, పాయా రోజంతా ఉడికించేది, గుడ్లు పాలల్లో గిలక్కొట్టి ఇచ్చేది. అక్క ఒక గుక్క మింగి పక్కకు తిరిగేది. "తినవు, చెప్పవు, నేను ఏం జెయ్యాలె చెప్పు" అని అమ్మ ఒకపక్క బతిమాలేది, ఒకపక్క తిట్టేది, వంటింట్లోకి పోయి ఏడ్చేది. అక్కకు ప్రాణమైనది సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ ఉల్లికాడలూ కలిపి గిన్నె లోపలి వైపు అద్ది, వేలితో చిల్లులు పెట్టి నూనె పోసి కాల్చేది అమ్మ. ఎర్రగా కరకరలాడే అంచు కోసం అక్కా నేనూ ఎప్పుడూ కొట్లాడుకునేవాళ్లం. అప్పుడు మాత్రం అంచంతా నాకే వచ్చేది. మొదట ఒకటి రెండుసార్లు సంతోషంగా తిన్నాను. తర్వాత తినబుద్ధి కాలేదు.

అబ్బా మాటల మనిషి కాదు. చాలా రోజులు ఆలోచించి ఆయన కూడా ఒక మాట తేల్చాడు. బిడ్డకు నిద్ర సరిగా పడుతలేదు, అందుకే ఎంత పడుకున్నా చాలుతలేదు అని. అబ్బా దృష్టిలో లోకంలోని రోగాల్లో సగం చెడ్డ పరుపుల వల్లే వస్తాయి. ఎవరైనా నడుం నొప్పి అంటే, తల తిరుగుతున్నదంటే, చివరికి కోపం ఎక్కువైందంటే కూడా, "పరుపు ఒకసారి విప్పించుండ్రి" అనేవాడు. అందరి పరుపులూ బాగుచేసే ఇంట్లో పిల్లలు పడుకునేది పాత దూది మీద. ఆ సంగతి అప్పుడు తట్టిందేమో, పాపం, చాలా బాధపడ్డాడు.

మంచి రద్దీలో, చేతి నిండా పని ఉన్నప్పుడు, అదంతా పక్కకు పెట్టి బూరుగు దూది తెచ్చాడు. బూరుగు దూది అంటే మాకు అమ్మే వస్తువే గానీ వాడే వస్తువు కాదు. షావుకార్ల ఇళ్లకు పోయేది. పట్టులా జారుతుంది, ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. దాన్ని విల్లుకు పెడితే ఎగిరిపోతుందని వాకిట్లో చీరలు కట్టి చాటు చేసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఒక్కొక్క పిడికెడు చేత్తోనే విప్పాడు. గింజ ఉంచలేదు, నలుసు ఉంచలేదు. పైన తొడిగే గల్లీబు అమ్మ కుట్టింది. ఎత్తుపల్లాలు లేకుండా దూది కూరి, పొడవాటి సూదితో కుట్లు వేసి బిగించాడు. పరుపు తయారయ్యాక వాడంతా చూడ్డానికి వచ్చారు. ప్రతివాళ్లూ అరచేత్తో నొక్కి చూడ్డమే. పక్కింటి పెద్దమ్మ కొంచెం కూర్చుని, "దీని మీద పండుకుంటే నేనైతె మల్ల లేవ" అన్నది. అప్పుడు అందరం నవ్వాం.

అక్కను దాని మీద పడుకోబెట్టారు. అబ్బా ఆ రోజు ఎన్నిసార్లు గడప దాకా వచ్చి తొంగిచూశాడో. "మంచిగ పండుకున్నది బిడ్డ" అని దాదీకి చెప్పాడు, పండగ వచ్చినట్టు. కానీ అక్క మర్నాడూ పడుకున్నది, ఆ వారమూ పడుకున్నది. అంతకు ముందు పిలిస్తే లేచి కూర్చునే మనిషి ఇప్పుడు అదీ మానేసింది.

ఇక మా దాదీ అందుకున్నది. పరుపు మెత్తగా ఉండబట్టే పిల్ల లేస్తలేదని, తండ్రే చేతులారా బద్ధకం నేర్పాడని. కష్టం చేసుకునే ఇంట్లో షావుకారు పరుపేమిటని. వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది. విన్నవాళ్లందరూ తలూపారు. పరుపు తీసెయ్యి, చలికి అదే లేస్తుంది అన్నారు. అబ్బాకు మనసొప్పలేదు. కానీ ఆయన మొదటి మందు పనిచెయ్యలేదు కదా, గట్టిగా కాదనడానికి నోరు రాలేదు. ఒక పొద్దున వచ్చి అక్కను మెల్లగా లేపి నిలబెట్టి, పరుపు చుట్టి అటక మీద పెట్టాడు. లేచి కుట్టు దగ్గర కూర్చుంటుందని అందరం చూస్తున్నాం. అక్క కొంచెంసేపు నిలబడింది. తర్వాత ఆ ఉత్త షాబాదు బండ మీదే, దుప్పటి కూడా అడగకుండా, గోడ వైపు తిరిగి పడుకున్నది.

ఆ బండ చలికాలంలో ఎంత చల్లగా ఉంటుందో వరంగల్‌లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. అబ్బా అక్కడే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మనుషులు ఎందుకు పడుకుంటారో బాగా తెలిసిన మనిషి ఆయన. సుఖం కోసం పడుకుంటారు, నొప్పికి పడుకుంటారు, అలసటకు పడుకుంటారు. ఎందుకూ కాకుండా మంచుముద్దలాంటి రాయి మీద తన బిడ్డ అట్లా పడి ఉంటే, ఇది బద్ధకం కాదని ఆయనకు అక్కడే తెలిసింది. "గిది గది కాదు అమ్మా" అన్నాడు దాదీతో. దాదీ తన రజాయి తెచ్చి అక్క మీద కప్పింది. బిడ్డను వదల్లేక అబ్బా కాసేపు అక్కడే కూర్చుని, దుకాణంలో మనుషులు ఎదురుచూస్తున్నారని కబురొస్తే లేచి పోయాడు.

ఆ మధ్యాహ్నం అక్కకు తల దువ్వే పని నాకు పడింది. అమ్మ ఆరేసిన గుడ్డలు తేవడానికి డాబా ఎక్కింది, దాదీ నమాజుకు కూర్చున్నది. అక్క జుట్టు చిక్కులు పడి ఉంది. నేను వాడలో వార్తలన్నీ చెబుతూ దువ్వుతున్నాను. ఎవరి మేక ఎవరి బట్టలు నమిలిందో అదంతా. అక్క వింటున్నదో లేదో తెలియదు. ఉన్నట్టుండి, చాలా మెల్లగా, చాలా మామూలుగా అన్నది.

"పండుకున్నదాన్ని పండుకున్నట్టె పోతె మంచిగుండు అనిపిస్తాందే. నేను లేకుంటె మీ అందరికి నిమ్మళం."

అక్క నా వైపు తిరిగి నా మొహం చూసింది. అన్ని రోజుల్లో అది నా కళ్లలోకి చూడటం అదే మొదలు.

"ఎవ్వలకు చెప్పకు" అన్నది.

నేను దువ్వెన అక్కడే పారేసి ఉరికాను. దాదీని జానిమాజ్ మీద నుంచి భుజం పట్టి ఊపి, "అక్క కాడ కూసో, లేవకు" అని చెప్పి, చెప్పులు లేకుండా సందులన్నీ దాటి మార్కెట్ రోడ్డు మీద పడ్డాను. ఎవరినో గుద్దుకున్నాను, ఎవరి గంపో దొర్లింది, తిట్లు వినిపించాయి. దుకాణంలో జనం ఉన్నారు. అబ్బా గూటం ఎత్తి ఉన్నాడు. నాకు చాటుగా చెప్పాలని కూడా తోచలేదు. అక్క ఇట్లన్నది అని అందరి ముందూ, ఉన్నది ఉన్నట్టు, అరిచి చెప్పేశాను. చివరి మాట కూడా చెప్పాను, ఎవరికీ చెప్పొద్దన్నదని.

అబ్బా గూటం కింద పెట్టాడు. దిండ్లకు దూది కొనడానికి వచ్చిన ఒక నర్సమ్మ ముందుకు వచ్చి, హనుమకొండలో ఇటువంటిదానికి డాక్టరున్నాడు, రేపే తీసుకుపొమ్మని, అప్పటిదాకా పిల్లను ఒక్కక్షణం కూడా ఒంటరిగా వదలొద్దని చెప్పింది. డాక్టరెక్కడ కూర్చుంటాడో గుర్తులు చెప్పింది. అబ్బా దుకాణం తెరిచినదాన్ని తెరిచినట్టే వదిలి, నన్ను చంకనెత్తుకుని ఇంటికి వచ్చాడు. అప్పటికి నేను ఎత్తుకునే వయసుదాన్ని కాదు.

ఇంట్లోకి రాగానే అటక మీది పరుపు దించాడు. పరిచి, అక్కను దాని మీద కూర్చోబెట్టి, తను కింద బండ మీద కూర్చున్నాడు. "నాది తప్పైంది బిడ్డా, పరుపు గుంజుకోవద్దుండె" అన్నాడు. అక్క నా వంక ఒక చూపు చూసింది. నేను అమ్మ కొంగు చాటుకు పోయాను.

హనుమకొండ మాట వినగానే దాదీ అడ్డం పడింది. అది పిచ్చివాళ్ల డాక్టరు, ఒకసారి ఆ మెట్లెక్కితే పిల్లకు జన్మంతా పేరు పడిపోతుంది అని. ఆమెకు అక్క అంటే అంత ప్రేమ, అందుకే అంత భయం. తల్లికి ఎన్నడూ ఎదురు చెప్పని మా అబ్బా అప్పుడు అన్నాడు.

"పడితె పడనియ్యి అమ్మా. ముందుగాల మనిషైతె ఉండాలె కద."

పొద్దున మేం బయలుదేరేటప్పుడు దాదీయే సద్ది కట్టి ఇచ్చింది.

నేనూ వస్తానని ఏడ్చి గోల చేసి బస్సెక్కాను. డాక్టర్ గారి గది ముందు బెంచీ మీద అందరూ మామూలు మనుషులే కూర్చుని ఉన్నారు. అరిచేవాళ్లుంటారని నేను భయపడుతూ వచ్చాను, కొంచెం నిరాశ కూడా అయింది. డాక్టరు పెద్దాయన. అక్కతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడి, తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచాడు. రాత్రిళ్లు నిద్ర ఎట్లా ఉంది అని అడిగాడు. అబ్బా చేతులు కట్టుకుని నిలబడి, బూరుగు దూది సార్, చేత్తోని ఏకిన, ఒక్క గింజ లేదు, కుట్లు గూడ దగ్గర దగ్గర వేసిన అని మొదలుపెట్టాడు. డాక్టరు కలం ఆపి చూస్తున్నాడు. అమ్మ ఆయన కాలు తొక్కింది. అబ్బా ఆగలేదు. పరుపు చేసింది, తీసేసింది, మళ్లీ వేసింది, అంతా చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

డాక్టరు నవ్వలేదు. "పరుపుల తప్పు లేదు, బిడ్డల తప్పు లేదు. మీ తప్పు గూడ లేదు" అన్నాడు. "ఇది మనసుకు వచ్చే జబ్బు. దీన్ని డిప్రెషన్ అంటరు. మందున్నది. జర టైం పడ్తది, ఫికర్ చెయ్యకుండ్రి." లెమ్మని తిట్టొద్దన్నాడు. తినకపోతే కొంచెం కొంచెం పెట్టమన్నాడు. పోవాలని ఉందని మళ్లీ అంటే, అక్క ఎంత కోపం చేసుకున్నా సరే, వెంటనే వచ్చి చెప్పమన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు అబ్బా మరిచిపోకుండా ఆ పేరు బస్సులో నోట్లోనే అనుకుంటూ కూర్చున్నాడు. ఇంటికి రాగానే దాదీకి అప్పజెప్పాడు. దాదీ ఆలోచించి, ఇంగ్లీషు రోగానికి ఇంగ్లీషు మందే వెయ్యాలె అని తీర్పు చెప్పింది. తావీజు మాత్రం విప్పనివ్వలేదు. ఆ రోజు నుంచి గోళీలు ఇచ్చే పని ఆమెదే. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. బిస్మిల్లా అని గోళీ అక్క నోట్లో వేసి, మింగిందా లేదా అని నోరు తెరిపించి చూసేది.

గోళీలు మొదలుపెట్టగానే ఏదో అయిపోతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ఆ నవల్లో లాగ ఒక పాటకో ఒక పుట్టినరోజుకో లేచి నవ్వడం లాంటివి మా ఇంట్లో జరగలేదు. మధ్యలో ఒకసారి డాక్టరు మందు మార్చాడు. అక్క పడుకునే ఉంది, మేం పక్కన కూర్చుని రజాయిలు కుడుతూనే ఉన్నాం. అంతకుముందు లోపలి గదిలో ఉన్న ఆ పరుపును అబ్బా మేం కుట్టే చోటికే తెచ్చి వేశాడు, అంతే తేడా. ఎవరో ఒకరు ఎప్పుడూ దాని పక్కన ఉండాలి కదా. దాని కథలు నేను చెప్పడానికి చూసేదాన్ని. గురక తీయడం నాకు రాదు, దగ్గినట్టు వచ్చేది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అందరం అన్నం తింటున్నాం. అమ్మ పచ్చిపులుసు చేసింది. అక్క ముందు కూడా కంచం పెట్టాం, ఎప్పటిలాగే. అది ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తక్కువైంది" అన్నది.

అందరం ముద్దలు పట్టుకుని అట్లే ఉండిపోయాం. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. దాదీ లేచి ఉప్పు గిన్నె తెచ్చి ఆ సంతోషంలో గుప్పెడు వేసేసింది. ఆ పచ్చిపులుసు ఇక ఎవరూ నోట్లో పెట్టుకోలేకపోయారు. అబ్బా మాత్రం కంచంలోది చివరి దాకా తాగాడు.

అట్లా తిరిగి వచ్చింది మా అక్క. పూర్తిగా ఒకేసారి రాలేదు. వచ్చాక కూడా ఆ జబ్బు దాన్ని మళ్లీ వెతుక్కుంటూ వచ్చింది, పిల్లలు పుట్టాక ఒకసారి, అబ్బా పోయినప్పుడు ఒకసారి. మళ్లీ మందులు, మళ్లీ పక్కన కూర్చోవడం. మధ్యలో పెళ్లి చేసుకుంది, పిల్లల్ని పెంచింది, ఎంతమందికో కుట్టు నేర్పింది. ఇప్పుడు దూది ఏకే విల్లు చప్పుడు వరంగల్‌లో ఎక్కడా వినబడదు. మా ఇంటికి మొన్న ఒక పరుపు చాపలా చుట్టి అట్టపెట్టెలో వచ్చింది. విప్పితే తనంతట తనే ఉబ్బింది. మా మనవరాలు చప్పట్లు కొట్టింది. నాకు మా అబ్బా మీద జాలేసింది.

నవల చదవడం అయిపోయాక మనవరాలికి ఈ కథంతా చెప్పేశాను. చెప్పకుండా ఎట్లా ఉంటాను? ఆదివారం అక్క ఆటోలో మా ఇంటికి వచ్చింది. వంటింట్లో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నది. పిల్ల తిన్నగా వెళ్లి దాని ముందు కూర్చుని అడిగింది.

"పెద్ద నానీ, చెప్పకు అన్నా గూడ మా నానీ పోయి అందరి ముందల చెప్పేసింది కదా. నీకు కోపం రాలేదా?"

నేను పొయ్యి దగ్గర కూర కలుపుతున్నాను. ఇన్నేళ్లలో నేను ఎన్నడూ అడగని మాట అది. ఆ రోజు పరుపు మీద నుంచి అది నన్ను చూసిన చూపు నాకు గుర్తే. నన్ను నమ్మి ఒక మాట చెబితే ఊరంతా చాటాననుకున్నదేమోనని దిగులుండేది, ప్రాణం నిలిచింది కదా, పోనీలే అని సర్దుకున్నాను.

అక్క వెల్లుల్లి పొట్టు ఊదేసి నవ్వింది.

"కోపమెందుకు బిడ్డా. అబ్బాకు చెప్పాలంటె నాకు నోరు రాలె. అమ్మకు చెప్తె ఏడ్సుకుంట కూసుండు. మీ నానీకి పోయి చెప్పు అంటె ఆటల పడి మర్శిపోతది. చెప్పకు అంటెనే ఉరుకుతది. గందుకే దానికి చెప్పిన."

పిల్ల పకపకా నవ్వింది. నేను కూర కలుపుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను. నా నోటి దురద వల్ల ఆ రోజు అక్క బతికిందని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను, అప్పుడప్పుడు చెప్పుకుని మురిసిపోయాను కూడా. అన్నం ముద్ద ఎత్తడానికి ఓపిక లేని ఆ రోజుల్లో కూడా మా అక్క బతకాలనే అనుకున్నది. ఆ సంగతి అబ్బాకు చేరవెయ్యడానికి ఇంట్లో అందరినీ వదిలి, వాగుడుకాయను, నన్ను ఎంచుకున్నది.